బట్టల కొట్టు నడిపిన భక్తుడు



ఇటలీ దేశపు ఉత్తర భాగంలో, పో నది ఒడ్డున క్రెమోనా అనే పట్టణం ఉన్నది. వయొలిన్ల తయారీకి పేరు పొందిన ఊరు. ఆ పేరు రావడానికి చాలా ముందే, 12వ శతాబ్దంలో, ఒమోబోనో అనే బట్టల వర్తకుడు అక్కడ జీవించాడు. ఆ పేరుకు 'మంచి మనిషి' అని అర్థం. తండ్రిదీ బట్టల పనే. కొడుకు అదే వృత్తి నేర్చుకున్నాడు, పెండ్లి చేసుకున్నాడు, వ్యాపారంలో బాగా సంపాదించాడు.

ఆ రోజుల్లో భక్తులంటే మఠాలలో ఉండే సన్యాసులు, బిషప్పులు, రాజులు. వర్తకుణ్ణి సంఘం కొంచెం అనుమానంగానే చూసేది. లాభం ఉన్నచోట పాపం ఉంటుందని చాలామంది తలంపు. నేడు కూడా మేము గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు, "అయ్యగారూ, కొట్టు పెట్టుకొని నీతిగా బ్రతకడం కుదిరే పనేనా?" అని విశ్వాసులు అడుగుతుంటారు.

ఒమోబోనో కొట్టు మూసివేసి మఠంలో చేరలేదు. పేదలను పోషించడానికే దేవుడు ఈ వ్యాపారం తనకు అప్పగించాడని నమ్మాడు. లాభంలో వారికి భాగం పంచాడు. దిక్కులేని వారిని ఇంటికి తెచ్చి ఆదరించాడు. వర్గాల తగాదాలతో నలిగిపోతున్న పట్టణంలో కలహపడిన వారిని సమాధానపరచాడు. ఇలా పంచిపెడితే ఇల్లు గడిచేదెట్లా అని ఆయన భార్య మందలించేదని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఆమె భయంలో తప్పేమీ లేదు. ఇంటి ఖర్చుల భారం మోసే తల్లులందరికీ అది తెలిసిన భయమే.

తెల్లవారకముందే పరిశుద్ధ ఈజిడియో దేవాలయానికి వెళ్ళి ప్రార్థించడం ఆయన అలవాటు. 1197 నవంబరు 13న కూడా అలాగే వెళ్ళాడు. ఆరాధనలో స్తోత్రగీతం పాడుతుండగా సిలువ ఎదుట చేతులు చాచి సాగిలపడ్డాడు. సువార్త పఠనానికి అందరూ నిలువబడినా ఆయన లేవలేదు. దగ్గరకు వెళ్ళి చూస్తే ప్రాణం ప్రభువు చెంతకు చేరిపోయిందట.

క్రెమోనా బిషప్పు సికార్డ్, ఓస్బెర్ట్ అనే పాదిరి, మరికొందరు రోముకు వెళ్ళి ఆయనను గూర్చి సాక్ష్యమిచ్చారు. ఓస్బెర్ట్ 20 ఏళ్ళకు పైగా ఆయన పాపపు ఒప్పుకోలు విన్నవాడు. ఆ వర్తకుని లోపలి సంగతులన్నీ ఎరిగినవాడే ఆయన మంచితనానికి సాక్షి అయ్యాడు! 1199 జనవరి 12న మూడవ ఇన్నోసెంట్ పోపు ఆ బట్టల వర్తకుణ్ణి పరిశుద్ధునిగా ప్రకటించాడు. మరణించి అప్పటికి 14 నెలలే. నేటికీ ఆయన భౌతికకాయం క్రెమోనా ప్రధాన దేవాలయంలో ఉన్నది.

పరిశుద్ధులకు ప్రార్థించే ఆచారం మన సంఘాలలో లేదు. అయినా మనకు ముందు నడిచిన వారి విశ్వాసాన్ని తలచుకోవడం వాక్యానుసారమే. లూదియ ఊదారంగు పొడి అమ్మింది. అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టారు. ప్రభువు వారిని వృత్తి మానమనలేదు. వారి ఇండ్లే సంఘానికి ఆశ్రయమయ్యాయి.

వ్యాపారం చేసుకుంటున్న సహోదరులారా, సహోదరీలారా! ఆదివారం మీరు పాడే పాట సంఘం వింటుంది. సోమవారం మీరు కొలిచే మూర, తూచే త్రాసు ఊరంతా చూస్తుంది. దొంగత్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనంలోనే చదువుతాము. పనివానికి జీతం సమయానికి అందుతున్నదా? చదువురాని వాని అరువు పద్దులో వ్రాసిన అంకె నిజమైనదేనా? లాభంలో పేదవాని భాగం ఎంత? కానుకల పెట్టెలో వేసినంత మాత్రాన ఈ ప్రశ్నలకు జవాబు చెప్పినట్లు కాదు.

ఒమోబోనో ప్రసంగాలు చేసి పేరు తెచ్చుకున్నవాడు కాడు. కొట్టు, ఇల్లు, దేవాలయం, ఈ మూడింటి మధ్యే తిరిగాడు. ఆ మూడు చోట్లా ఒకే మనిషిగా ఉన్నాడు. అందుకే మరణం హఠాత్తుగా వచ్చినా, సరిచేసుకోవలసిన లెక్క ఏదీ మిగలని వానిగా వెళ్ళిపోయాడు.

ప్రభువు మీ చేతుల కష్టార్జితమును దీవించి, అనేకులకు మిమ్మును దీవెనగా చేయును గాక!