భివండీకి పోయినవారి పేర్లు

మన సభలలో భివండీ మాట వచ్చినప్పుడెల్ల, “సాంచాల ఊరు, చేమగ్గము పొట్ట కొట్టిన ఊరు” అని తీసివేయుట పరిపాటి అయినది. ఆ మాట మేమును అన్నవారమే. అయినను ఆ ఊరి సంగతి కొంత తెలిసికొని, మన సభ్యుల పట్టికను మరల ఒకసారి తెరచి చూడవలెనని మా మనవి.

బొంబాయికి ఈశాన్యమున, కామ్వారీ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణము ఒకప్పుడు చేమగ్గముల ఊరే. 1857 తిరుగుబాటు తరువాత ఉత్తరాది నుండి వచ్చిన మోమిన్ నేతగాండ్రు ఇక్కడ మగ్గములు వేసికొనిరి. 1930 తరువాత కరెంటు సాంచాలు వచ్చినవి. బొంబాయి మిల్లులు పాతవని తీసివేసిన మగ్గములు కూడ ఇక్కడికి చేరినవి. చేమగ్గము ఆడిన ఇండ్లలోనే సాంచాలు మ్రోగసాగినవి. అది మన వంటి నేతగాని ఇంటిలోనే జరిగిన మార్పు అని గుర్తుంచుకొనవలెను. 1982లో బొంబాయి మిల్లు కార్మికుల పెద్ద సమ్మె మొదలైన పిదప అనేక మిల్లులు మరల కోలుకొనలేదు. ఆ పని చాలవరకు భివండీకి తరలినది. 2011 లెక్కలలో ఊరి జనము 7 లక్షలు.

ఆ జనములో కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ వైపు నుండి పోయిన మన పద్మశాలి కుటుంబములు ఎన్నో కలవు. పద్మనగర్ పేటలో నడచినచో తెలుగే వినబడును, ఆశ్వయుజములో బతుకమ్మ ఆడుదురు. సిరిసిల్లలో సాంచా పెట్టినవారిలో చాలమంది అక్కడ పని నేర్చినవారే. పని మాత్రము కఠినము. నూలు సేటుది, షెడ్డు ఆసామిది, మీటరుకింత అని కూలి మనవానిది. పన్నెండు గంటల పాళీ, ఒక్కని చేతి క్రింద నాలుగు, ఆరు సాంచాలు. చెవులు ముందు పోవును, తరువాత ఊపిరితిత్తులు.

1970లోను, 1984లోను మతకలహములలో ఆ ఊరు తగులబడినది. ఆ తరువాత పేటపేటకు ఇరువర్గములవారితో కమిటీలు వేసికొనిరి. 1992-93లో పక్కనే బొంబాయి మండుచున్నను భివండీ శాంతముగా నిలిచినది. ఈ సంగతి మనవారిలో ఎక్కువమంది ఎరుగరు. ఇప్పుడు సాంచాలు తుక్కు ధరకు పోవుచున్నవి, ఊరి చుట్టు గోదాములు లేచుచున్నవి.

ఇక మా తప్పు. మగ్గము నేయనివాడు సభ్యుడు కాడను నియమమును పట్టుకొని, షోలాపురమునందలి మా సంఘములో భివండీకి పోయినవారి పేర్లను మేమే ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. కొన్ని ఏండ్ల క్రిందట అట్టి ఒకని భార్య, భర్త పోయిన మూడవ నెలలో, ఆయన నేతవాడని ఒక కాగితము వ్రాసి ఇమ్మని వచ్చినది. షెడ్డు రిజిస్టరులో ఆయన పేరు లేదు. మా పట్టికలోను లేదు. చేనేత లెక్కలలో సాంచా కూలి ఎక్కడను రాడు. ముప్పది ఏండ్లు గుడ్డ నేసినవాడు ఏ కాగితములోను నేతవాడు కాలేదు. ఆమెకు మజ్జిగ ఇచ్చి పంపితిమి.

సాంచా కూలిని చేర్చుకొన్నచో చేనేత హక్కులు పలుచబడునని కొందరు పెద్దలందురు. వారి భయము ఉత్తది కాదు. 1985 చట్టము క్రింద చేమగ్గమునకు కేటాయించిన 22 రకములు తరువాత 11కు దిగినవి, వాటిని కూడ సాంచాపై నేసి చేనేత పేర అమ్మువారున్నారు. ఆ దొంగ సరుకుతో పోరు సాగవలసినదే. అయితే మీటరు కూలికి నేయువాడు ఆ సరుకును అమ్ముటలేదు.

అందుచేత ప్రతి సంఘమును వేరొక పుస్తకము తెరచి, సాంచాలకు పోయిన తన సభ్యుల పేర్లు, ఊళ్లు, నేసిన ఏండ్లు వ్రాసి ఉంచవలెను. వోటు అక్కరలేదు, నూలు కోటా అక్కరలేదు. అడిగిననాడు ముద్ర వేసి ఇచ్చుటకు ఒక పేజీ చాలును. మా పుస్తకములో ఇదివరకు కొట్టివేసిన పేర్లను ఈ నెలనుండి మరల ఎక్కించుచున్నాము. తక్కిన కార్యదర్శులు తమ అభిప్రాయమును రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందే వ్రాసి పంపగోరుచున్నాము.