చిటికెడు ఇంగువ, చెప్పని గోధుమ

వరి అన్నం తినేవారికి గోధుమతో పేచీ ఏముంటుందన్నది దక్షిణాదిన చాలామంది భావన. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ పోపుల పెట్టె దగ్గరకు వచ్చేసరికి ఆ భరోసా సడలిపోతోంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడని సీలియాక్ రోగులకు సాంబారులో వేసే చిటికెడు ఇంగువ కూడా అనుమానించవలసిన వస్తువే.

సీలియాక్‌ను అజీర్తిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ వ్యాధిగ్రస్తులు గ్లూటెన్ తిన్నప్పుడు శరీర రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు లోపలి పొరపైనే దాడి చేస్తుంది. పర్యవసానంగా రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లలలో ఎదుగుదల లోపం ఏర్పడతాయి. జీవితాంతం గ్లూటెన్‌ను పూర్తిగా మానడమే చికిత్స. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఈ వ్యాధి ఉత్తరాదిన 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిన 0.10 శాతం వయోజనులలో కనిపించింది. అంటే దక్షిణాదిన వెయ్యికి ఒకరన్నమాట. అరుదు కావడమే ఇక్కడి రోగికి శాపం. వైద్యుడికి త్వరగా అనుమానం రాదు, వర్తకుడికి అవసరం కనబడదు, బంధువులకు అది పథ్యంగా కాక పట్టింపుగా తోస్తుంది.

ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. ముడి సరుకు ఘాటు భరించరానిది గనుక దానికి పిండి కలిపి అమ్మడం రివాజు. ఇది కల్తీ కాదు. గమ్ అరబిక్, తినదగిన గంజిపిండి, ధాన్యపు పిండి కలపడాన్ని మన ఆహార నిబంధనలే అనుమతిస్తున్నాయి. కొందరు తయారీదారులు వరి పిండి వాడుతుండగా, గోధుమ పిండి లేదా మైదా వాడేవారు అనేకులు. భారతదేశం ఏటా సుమారు 1,200 టన్నుల ముడి ఇంగువను ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి దిగుమతి చేసుకుంటున్నదని 2020లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి వెల్లడించింది. ఆ ఏడాది అక్టోబరులో హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఇంగువ సాగుకు శ్రీకారం చుట్టారు. ముడి సరుకుపై ఇంత శ్రద్ధ చూపిన దేశం, అందులో కలిపే పిండి సంగతి పట్టించుకోకపోవడం విచిత్రం.

మిగిలిన దినుసుల కథ వేరు. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, మెంతులు, పసుపు, మిర్చి స్వతహాగా గ్లూటెన్ లేనివే. చిక్కు వాటి ప్రయాణంలో ఉంది. జీలకర్ర, ధనియాలు విస్తారంగా పండే గుజరాత్, రాజస్థాన్‌లలో గోధుమ కూడా అదే రబీ పంట. కళ్లాలలో, గిడ్డంగులలో, సంచులలో గింజ గింజతో కలిసే అవకాశం ఉంది. గింజ రూపంలో ఉన్నంతవరకు పళ్లెంలో పోసి ఏరుకోవచ్చు. పొడి అయ్యాక బ్రహ్మకైనా సాధ్యం కాదు. గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు ఎంత మేలైనవైనా, గోధుమలు ఆడించిన మరలోనే వాటిని ఆడిస్తే ఫలితం శూన్యం. అందువల్ల రోగి కుటుంబానికి క్షేమమైన మార్గం పాతదే: గింజలు కొని, ఏరి, ఇంట్లోనే దంచుకోవడం. ఇంగువ విషయంలో వరి పిండితో తయారైనదని చీటీపై స్పష్టంగా ఉంటేనే కొనడం, లేకుంటే మానడం.

చిటికెడుతో ఏమవుతుందనే ప్రశ్న సహజం. గ్లూటెన్ రహితమని చెప్పుకునే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదన్నది అంతర్జాతీయ ప్రమాణం. మన దేశమూ దానినే స్వీకరించింది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు తిన్నా పేగుకు హాని జరుగుతున్నదని 2007లో ఇటలీ పరిశోధకులు నిరూపించారు. అర చెంచా మైదాలోనే అంతకు మించి గ్లూటెన్ ఉంటుంది. ఒక పూట పోపుతో ఆ హద్దు దాటకపోవచ్చు. కానీ ఇంగువ పులిహోరలోనూ, అప్పడంలోనూ, ఊరగాయలోనూ ఉంటుంది. ఏ పిండి ఎంత కలిసిందో తెలియనప్పుడు రోగి లెక్క వేసుకోవడం ఎలా?

2020 నాటి లేబులింగ్ నిబంధనలు గ్లూటెన్ ఉన్న ధాన్యాలను తప్పక ప్రకటించవలసిన పదార్థాల జాబితాలో చేర్చాయి. ఇది హర్షణీయమే. అయితే ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లకు మించని పొట్లాలపై దినుసుల పట్టిక ముద్రించనక్కరలేదన్న మినహాయింపు కూడా వాటిలోనే ఉంది. ఇంగువ సగటు కుటుంబానికి చేరేది చిన్న డబ్బాలలో, చిన్న పొట్లాలలోనే. ఏ సరుకుకు పట్టిక అత్యవసరమో దానికే అది కొరవడే ప్రమాదం ఏర్పడింది.

చిన్న తయారీదారులపై భారం పడుతుందన్న వాదన వినిపించవచ్చు. ‘గోధుమ ఉంది’ అన్న రెండు మాటల ముద్రణ ఏ వ్యాపారాన్నీ కుంగదీయదు. పైగా మైదా బదులు వరి పిండి వాడే మార్గం ఉండనే ఉంది. 2024లో సింగపూర్, హాంకాంగ్ మన మసాలా పొడులలో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని అభ్యంతరం చెప్పగానే, ఆ దేశాలకు వెళ్లే సరుకుకు సుగంధ ద్రవ్యాల బోర్డు పరీక్షలు తప్పనిసరి చేసింది. విదేశీ కొనుగోలుదారు విషయంలో చూపిన చురుకుదనం స్వదేశీ రోగి విషయంలోనూ చూపడం న్యాయం.

చిన్న పొట్లాల మినహాయింపు నుంచి పిండి కలిపిన ఇంగువను తొలగించాలి. కలిపిన ధాన్యం పేరు ప్రాంతీయ భాషలో కనబడేలా ముద్రించాలి. రాష్ట్రాల ఆహార భద్రతాధికారులు కల్తీతో పాటు ఈ ప్రకటననూ తనిఖీ చేయాలి. వెయ్యికి ఒకరే కదా అని విస్మరించడం తగదు. ఆ ఒక్కరికి ఇంటి భోజనమే ఔషధం. అందులో ఏముందో తెలుసుకునే హక్కు ఆ ఒక్కరికీ ఉంది.