గడప దాటని పాఠము

పదవ తరగతి చదువుచున్న బాలికను పిలిచి, తిన్న యన్నము కడుపులో నేమగునని యడుగుడు. లాలాజలము పిండిపదార్థమును చక్కెరగా మార్చుననియు, జఠరరసము మాంసకృత్తులను విఱుచుననియు, కాలేయమునుండి వచ్చు పైత్యరసము క్రొవ్వును చిన్నచిన్న బిందువులుగా జేయుననియు, చిన్నప్రేగులోని చూషకములు సారమును నెత్తుటిలోనికి పీల్చుకొనుననియు ఊపిరి తీయకుండ నొప్పజెప్పును. పటము గీచి భాగములకు పేళ్లు పెట్టుమన్నను పెట్టును. ఆ పిమ్మట, "అమ్మాయీ, నిన్న రాత్రి నీవేమి తింటివి? ఎవరు తిన్న తరువాత తింటివి?" అని యడుగుడు. ఈ ప్రశ్నకును తాను చదివిన పాఠమునకును సంబంధ మున్నదని యామెకు తోచదు. ఎవ్వరును చెప్పలేదు గనుక తోచదు.

ఈ పాఠము బడిలో పుట్టి పరీక్షలో చచ్చుచున్నది. మన యిండ్ల గడప దాటి లోనికి వచ్చుట లేదు. ఇదియే మా యభియోగము. మా మురమళ్ళలో వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణము జరుగును. కనుక పెండ్లి లేని దినము మే మెఱుగము. అన్నమును గూర్చి మాటలాడని వారు మా కోనసీమలో లేరు. పనసపొట్టు కూరకు ఆవ యెంత పట్టవలెనో, పొట్టిక్కలకు లేతాకు మేలో ముదురాకు మేలో గంటసేపు వాదింతురు. ఆ యన్నము గొంతు దిగిన పిదప దాని గతి యేమని విచారించువారు మాత్రము మృగ్యులు.

ఇట్లనగానే, "మన పెద్దలు జఠరాగ్ని యని యెన్నడో చెప్పినారు, ఇక విచారణ యేల?" యని కొందఱు లేతురు. మేమును సంస్కృతము చదివినవారమే. ఆ మాటలోని సొగసు మా కెఱుకయే. కాని సొగసు వేఱు, పరీక్షించి చూచుట వేఱు. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను పడుచువానికి తుపాకి గుండు తగిలి కడుపున రంధ్రము పడెను. గాయము మానెను గాని రంధ్రము పూడలేదు. విలియం బ్యూమాంట్ అను సైనికవైద్యుడు దారమునకు మాంసపు ముక్కలు కట్టి యా రంధ్రమున దింపి, తీసి, ఏమాత్రము కరిగెనో చూచెను. జఠరరసమును సీసాలోనికి తీసి శరీరమంత వెచ్చదనమున నుంచగా మాంసము సీసాలోనే కరిగెను. కడుపులో నున్నది మంట కాదు, రసము. 1833లో అతడీ సంగతులను గ్రంథముగా ప్రకటించెను.

అట్లయిన అగ్ని యను మాట వట్టిదా? వట్టిది కాదు, చోటు తప్పినది. దహనము జరుగునది కడుపులో గాదు, శరీరమందలి కణకణమునను. ఆహారసారము ప్రాణవాయువుతో కలిసి అక్కడ మెల్లమెల్లగా దహింపబడును. ఆ దహనమున పుట్టిన శక్తిని కణములు ఏ పదార్థముద్వారా వాడుకొనునో యా పదార్థమును 1929లో కండరములనుండి వేఱుచేసి లోకమునకు చూపినవారిలో నొకడు మన తెలుగువాడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో గూడి అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కనుగొనెను. ఆ యేడే జర్మనీలో లోమన్ అను పండితుడు వేఱుగా కనుగొనెను. మన బాలబాలికలు ఏటీపీ యని మూడక్షరములు వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. ఆ యక్షరముల వెనుక గోదావరి మండలపు బిడ్డ యున్నాడని చెప్పిన నెంత యుత్సాహపడుదురు!

ఆ సుబ్బారావు చరిత్రయే జఠరాగ్ని వాదులకు తగిన యుత్తరము. సారము నెత్తుటి కెక్కనీయక మనుష్యుని శోషింపజేయు స్ప్రూ యను వ్యాధి యతనిని పట్టెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన స్వస్థుడయ్యెను. చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించెను. పూర్వుల మం దతనికి మేలు చేసినది. ఆ మేలును తలచియు నత డక్కడనే కూర్చుండిపోక, ఎందువలన మేలు కలిగెనని యడుగుచు 1922లో సముద్రము దాటెను. పూర్వులను గౌరవించుట యనగా నిది.

ఇక మన వంటయిండ్ల మాట. బియ్యపు పైపొరలో థయమిన్ అను పదార్థ మున్నది. అది లేనిచో కణములలో దహనము కుంటుపడును. కాళ్ళు చచ్చుబడును, గుండె నీరసించును. దీనినే బెరిబెరి యందురు. జావాలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తెల్లని బియ్యము మేపిన కోళ్ళకు కాళ్ళు పడిపోవుట చూచి 1890 ప్రాంతమున దీని జాడ పట్టెను. హిందూదేశమున ఈ వ్యాధికి పేరువడిన చోటేది? ఉత్తర సర్కారులు, అనగా మన తెలుగు కోస్తాయే. ఉప్పుడుబియ్యము తిను దక్షిణాదివారికి అంతగా రాలేదు. వడ్లను ఉడికించునపుడు పైపొరలోని సారము గింజలోనికి దిగును. మనమో, బియ్యము తెల్లగా నుండవలెనని మఱ పట్టించి, నీరు తేటపడువఱకు కడిగి, ఆపై గంజి వార్చితిమి. తవుడు పశువులకు, కడుగునీరు పశువులకు, గంజి కుడితిలోనికి! మన యెద్దులు బలిసినవనిన నాశ్చర్యమేమి? ఇప్పుడు కుక్కరు వచ్చి గంజిని కాపాడినది. తెలుపుమీది మోజు మాత్రము తగ్గలేదు.

అన్నిటికంటె ఘోరమైన సంగతి వేఱొకటి గలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలినది. దీని కొక కారణము ఇనుము చాలకపోవుట. మఱియొకటి ఫోలికామ్లపు లోపము. బొంబాయిలో బీద గర్భిణులకు కలుగు నొకవిధమైన రక్తహీనత ఈస్టు సారముతో కుదురునని 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు ప్రకటించెను. ఆ సారములోని గుణము ఫోలికామ్లముదే. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసినది లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడిపిన శాస్త్రజ్ఞుల బృందము. స్ప్రూ వ్యాధికిని అది మందయ్యెను.

నేడు పాఠశాలలలో వారమున కొకసారి ఇచ్చు నీలిమాత్రలో నున్నవి ఇనుమును ఈ ఫోలికామ్లమునే. మాత్రను గోడ యవతల పారవైచు బాలికలు లేకపోలేదు. కారణము విచారింపుడు. పరగడుపున మ్రింగిన వికారము పుట్టును; భోజనానంతరము మ్రింగవలెనని చెప్పినవారు లేరు. ఒంటబట్టక మిగిలిన యినుమువలన మలము నల్లబడును. అందువలన కీడు లేదని చెప్పినవారు లేరు. పిల్ల భయపడి తల్లితో చెప్పిన, "ఆడపిల్లకు ప్రేగుల ముచ్చట లేల?" యని కసరుకొందురు. దేహములోని ప్రేగు లసభ్యములట! పదునారేండ్లకే కండ్లు తిరిగి పడిపోవుట సభ్యము కాబోలు. ఆ మాత్ర లోపలి కేల వెళ్ళుచున్నదో, ఏది యొంటబట్టునో, ఏది వెలికిపోవునో చెప్పనిది జీర్ణకోశపాఠ మెట్లగును?

ఖర్చు మాట యెవ్వరును తేనక్కఱలేదు. తోటకూర మన పెరటిలోనిదే, పెసలు సంతలోనివే. నిమ్మచెక్క పిండుకొన్నచో ఆకుకూరలోని యినుము చక్కగా నొంటబట్టును. భోజనము కాగానే తేనీరు త్రాగినచో పట్టదు. ఈ నాలుగు మాటలు పాఠముతోపాటు చెప్పుటకు ఏ ప్రభుత్వోత్తరువును అక్కఱలేదు.

"మా యింటి యాడువారు తమంతట తామే చివర తిందురు, మే మేమి చేయుదుము?" అని యజమానులు కొందఱు మాతో వాదించిరి. తమంతట తామో కాదో, ఆఖరి పంక్తినాడు గిన్నెల మూతలు తీసి చూతురు గాక. పప్పు అడుగంటి యుండును; ఆకుకూర గిన్నె యప్పటికే తొట్టిలో నానుచుండును; పులుసులో ముక్కలుండవు, నీరుండును.