హబ్బు పట్టేస్తే సమ్మెటే దిక్కా?

దమ్ము రోజులు వచ్చాయంటే డెల్టా గ్రామాలలో చిన్న ట్రాక్టర్లకు, టిల్లర్లకు టైర్లు తీసి దమ్ము చక్రాలు బిగిస్తారు. అప్పుడే మొదలవుతుంది తంటా. ఇరుసు మీది హబ్బు పట్టేసి రానంటుంది. యజమాని గట్టు మీద నిలబడి "నాలుగు సమ్మెట దెబ్బలు వెయ్యరా, అదే వస్తుంది" అంటాడు. కొట్టేది కూలీ. ఇనుప రవ్వ ఎగిరితే పోయేది కూలీ కన్ను. ఇరుసు చెడితే ఆ ఖర్చూ కూలీ లెక్కలోనే రాస్తారు.

మాకు తెలిసిన ఒక కూలీ సోదరుడు ఇలాగే ఒక కన్ను పోగొట్టుకున్నాడు. "వాడికి పని తెలియదు" అని పెద్దలు తేల్చేశారు. మేము అడిగేది ఒక్కటే: పని నేర్పింది ఎవరు? పనిముట్టు ఇచ్చింది ఎవరు?

హబ్బు పట్టెయ్యడం తలరాత కాదు. ఇనుము మీద ఇనుము కూర్చున్న సందులోకి బురద నీరూ ఎరువూ చేరి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది గనుక బిగుసుకుంటుంది. సమ్మెటతో కొడితే ఇరుసు కొస మేకు తలలాగా పరుచుకుంటుంది, ఇక హబ్బు దాన్ని దాటి రాదు. దెబ్బ లోపలికి పోయి బేరింగుకూ గేరు పెట్టెకూ తగులుతుంది.

పని తెలిసిన మేస్త్రీల పద్ధతి వేరు. మన కార్యకర్తలు అది నేర్చుకుని పదిమందికీ చెప్పాలి. ముందు ఇంజను ఆపాలి. నేల మీది చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. జాకీని నమ్మి కిందికి దూరగూడదు, గట్టి దుంగలు పేర్చాలి. చక్రం తీసి బురద గీకి, హబ్బును పట్టి వుంచేది ఏమిటో చూడాలి. కొన్నింటికి సర్‌క్లిప్పు, కొన్నింటికి అడ్డ బోల్టు, కొన్నింటికి బురదలో కనపడని చిన్న స్క్రూ వుంటుంది. అది తియ్యకుండా ఎంత లాగినా లాభం లేదు. ఇరుసు కొసను గరుకు కాగితంతో రుద్ది, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి పుల్లరు తగిలించి బిగించాలి. ఆ బిగువు మీద హబ్బు చుట్టూ చిన్న సుత్తితో తట్టి, కాసేపు ఆగి మళ్ళీ బిగించాలి. పుల్లరుకు ఎదురుగా నిలబడగూడదు. కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

అప్పటికీ రాకపోతే నూనె తుడిచేసి, డీజిలుకు దూరంగా, హబ్బును మాత్రమే వేడి చెయ్యాలి. అది సాగి పట్టు వదులుతుంది. టైరు తొడిగి వున్న చక్రానికి మాత్రం మంట చూపించరాదు. గాలి తీసినా టైరు పేలి ప్రాణం తీయగలదు. హబ్బు వచ్చాక తుప్పు గీకి, గ్రీజు రాసి ఎక్కించాలి. ఏటా ఒకసారి విప్పి గ్రీజు రాస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇందులో బలం కంటే ఓపిక ఎక్కువ. ఒక పూట ఆగితే దమ్ము ఆగిపోతుందని యజమాని తొందర. ఆ పూట కోసం కూలీ కన్నును పణంగా పెట్టడం ఏం న్యాయం?

కౌలు రైతు సంగతి వేరు. పుల్లరు కొనే స్తోమత అతనికీ లేదు, అతను మన శత్రువు కాడు. 2014-15లో మొదలైన యాంత్రీకరణ పథకం కింద అద్దె యంత్రాల కేంద్రాలకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చింది. యంత్రం ఇచ్చినవాళ్ళు దాన్ని విప్పే పనిముట్టు ఇవ్వనక్కరలేదా?

దెబ్బ తగిలితే నష్టపరిహారం 1923 చట్టం నాటి నుంచీ వున్న హక్కు. 2025 నవంబరులో ఆ చట్టాన్ని తీసేసి 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌ను అమలులోకి తెచ్చారు. చట్టం పేరు మారినా హక్కును వదలకూడదు. దెబ్బ తగిలిన రోజే తేదీ, సాక్షుల పేర్లు రాసి పెట్టుకోవాలి, ఆసుపత్రి చీటీ దాచుకోవాలి.

ప్రతి అద్దె కేంద్రంలో పుల్లరు, దుంగలు, కళ్ళద్దాలు వుండాలి. విప్పే పూటకూ కూలీ ఇవ్వాలి. ఇవి లేకుండా సమ్మెట ముట్టేది లేదని సంఘం తరఫున ఈ దమ్ములకే చెబుదాం. ఒక్కడు చెబితే పొగరంటారు. వూరంతా చెబితే వినక తప్పదు.