ముద్దలు సరే, మీటల సంగతో?

హైదరాబాద్‌లోని హబ్సిగూడ సీసీఎంబీ, ఉప్పల్ సీడీఎఫ్‌డీ పరిశోధనశాలల్లో జన్యువుల్ని చదివేవాళ్లున్నారు. నాచారం పారిశ్రామికవాడలో బయటి కంపెనీల కోసం మందు అణువులు తయారుచేసే రసాయనవేత్తలున్నారు. మధ్య దూరం ఆటో ఎక్కితే తీరిపోయేదే. అయినా మెదడు క్షీణించే జబ్బుల మాటెత్తితే మన చర్చంతా కణాల్లో పేరుకునే ప్రోటీన్ ముద్దల చుట్టూనే తిరగడం నాకు నచ్చదు. జన్యువుల్ని నడిపే మీటల్లాంటి ప్రోటీన్లను ఎవరు పట్టించుకుంటారు? హంటింగ్టన్ జబ్బునే చూడండి. ఒక జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల వరుస 40 సార్లు, ఆపైన వచ్చిందంటే జబ్బు దాదాపు ఖాయం. అలా పుట్టిన వికృత హంటింగ్టిన్ ప్రోటీన్, న్యూరాన్ల మనుగడకు కావలసిన జన్యువుల్ని పలికించే క్రెబ్ అనే మీటకు తోడుండే సీబీపీ ప్రోటీన్‌ను తనవైపు లాగేసుకుంటుంది. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ బీ కణాల్లో గుర్తించిన ఎన్‌ఎఫ్-కప్పా-బీ అనే మీట ఇంకా గడుసుది: మెదడులోని రక్షణ కణాలైన మైక్రోగ్లియాలో అతిగా రేగితే పక్క న్యూరాన్లకు చేటు, న్యూరాన్ల లోపల చాలాసార్లు అదే రక్ష. దాన్ని గంపగుత్తగా ఆపేసే మాత్ర అంటే అందుకే నాకు అనుమానం. పైగా ఇలాంటి ప్రోటీన్ల మీద మందు అణువు కుదురుకునే చోటు దొరకడమే కష్టం. నాచారంలో ఆర్డర్లకు అణువులు చేసిపెట్టడం జీతాలిస్తుంది, కాదనను. కానీ ఆ చోటు వెతకాలంటే ఇద్దరూ కలవాలి; అందుకే ప్రభుత్వం పరిశోధన నిధులిచ్చేటప్పుడు ఉప్పల్ జీవశాస్త్రవేత్తా, నాచారం రసాయనవేత్తా ఒకే ప్రాజెక్టులో ఉండాలని షరతు పెట్టాలి.