ముందు మైకు కొనండి

మా అత్తయ్యగారు ఆవకాయ కలుపుతుంటే ఫోన్లో వీడియో తీశాను. బొమ్మ అద్దంలా వచ్చింది. ఆవిడ చెప్పిన కొలతలు, కబుర్లు ఫ్యాను హోరులో కలిసిపోయాయి. ఆవిడ పోయి ఏడాదైంది, మళ్ళీ అడగలేను.

మంచి వీడియో అనగానే అందరూ కెమెరా గురించే మాట్లాడతారు. షాన్ బేకర్ తన ‘టాంజెరీన్’ సినిమాను (2015) ఐఫోన్ 5ఎస్‌తో, ఫిల్మిక్ ప్రో యాప్ వాడి తీశారు. మాటలకు మాత్రం విడిగా మైకులు పెట్టారు.

అందుకే నా మాట: గింబల్ కంటే ముందు కాలరు మైకు కొనండి. ఫోన్‌ను స్టాండుకు పెట్టి, తెర మీద మొహంపై వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి. ఫ్యాను ఆపండి. పది సెకన్లు తీసి, విని చూసుకోండి. బొమ్మ కాస్త మసకైనా సర్దుకోవచ్చు, పోయిన గొంతు తిరిగి రాదు.