వెతికినందుకు మజ్దూరీ ఏదీ?

లైట్లు ధగధగా వెలుగుతాయి. హారన్ నొక్కితే వీధంతా మోగుతుంది. తాళం తిప్పితే మాత్రం ‘టిక్’ అని ఒక్క చప్పుడు, అంతే. పోయిన వానాకాలమంతా మా పాత కారు ఇదే తమాషా చేసింది. రోజూ చేస్తే బాధ లేదు, ఏదో ఒక ఇలాజ్ దొరికేది. వారం రోజులు బుద్ధిగా నడిచి, ఎనిమిదో రోజు అబ్బాను చింతలపూడి నుంచి ఏలూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, ధర్మాజీగూడెం దాటాక టీ కోసం ఆపిన చోట మొండికేసింది. డెబ్బై దాటిన మనిషి, వానలో దిగి, నేను వద్దంటున్నా వెనక చెయ్యేసి నెట్టడం మొదలుపెట్టారు. ఆ దృశ్యం నాకింకా కళ్లలోంచి పోలేదు. నలుగురు నెట్టగానే టక్కున స్టార్టయింది. మర్నాడు షాపుకి తీసుకెళ్తే పదిసార్లు తిప్పినా పదిసార్లూ స్టార్టే. మెకానిక్ నా వైపు చూసిన చూపులో ‘ఈ సాబ్‌కి వహం పట్టింది’ అని రాసి ఉంది.

మొదటి షాపులో బ్యాటరీ మార్చారు. పది రోజులు బాగానే ఉంది, తర్వాత మళ్లీ టిక్. రెండో షాపులో సెల్ఫ్ మోటారు దింపి బ్రష్‌లూ బుష్‌లూ మార్చారు. మళ్లీ పది రోజులు. మూడో ఆయన డైనమో మీద షక్ అన్నాడు. అప్పటికి పదకొండు వేలు అయిపోయాయి. ఇంట్లో గొడవ. ‘ఆ డొక్కు బండి అమ్మేయరాదా’ అని పక్కింటి వాళ్ల సలహా. అమ్మితే ఎంతొస్తుంది? పదిహేనేళ్లు దాటిన కారుకి ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు చేశారు. అది కట్టి మరీ ఉంచుకున్నది, కొత్తది కొనే తాహతు లేకే కదా!

చివరికి ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. వయసులో ఉన్నప్పుడు కైకలూరు, ఆకివీడు వైపు చేపల బండ్ల వైరింగ్ చేసిన మనిషి. ఐసు కరిగిన నీళ్లు రాత్రీ పగలూ కారే ఆ బండ్లలో రాగి ఎలా పచ్చబడుతుందో చూసీ చూసీ వచ్చిన తజుర్బా ఆయనది. నేను చెప్పబోతుంటే ఆపి, “ఏం మార్చారో తర్వాత. ఎప్పుడు ఆగింది, అది చెప్పు బేటా” అన్నారు. వేడి మీదా, చల్లగానా? వానలోనా, ఎండలోనా? లైట్లు మసకబారాయా? నెడితే స్టార్టయిందా? ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. “బండి ఇక్కడే వదిలేయ్. అది ఆగినప్పుడు నేనుండాలి. నడిచే బండిలో ఏం వెతకను?” అన్నారు.

రెండ్రోజులు ఏమీ లేదు. మూడో రోజు సాయంత్రం నేనున్నప్పుడే టిక్ అంది. ఆయన మొహంలో ఖుషీ చూడాలి! తాళం తిప్పి పట్టుకోమని నాకు చెప్పి, మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర వైరు ఇంజను ఇనుము మీద పెట్టారు. ఆ రెంటి మధ్యా అర వోల్టు లోపు ఉండాలి. ఆరు దాటింది. తర్వాత క్లచ్ వైరు పట్టుకుని చూడమన్నారు. వెచ్చగా ఉంది!

సంగతేమిటంటే, ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రబ్బరులో కరెంటు పారదు. అందుకని ఇంజనుకీ బాడీకీ మధ్య ఒక ఎర్త్ వైరు బిగిస్తారు. సెల్ఫ్ లాగే వంద ఆంపియర్లకు అటూ ఇటూ కరెంటు బ్యాటరీకి తిరిగి చేరాలంటే అదే రాస్తా. మా బండిలో ఆ వైరు పైకి సలక్షణంగా ఉంది, లోపల రాగి పచ్చబడి పోగులు తెగిపోయాయి. రాస్తా మూసుకుపోతే కరెంటు సందులు వెతుక్కుంటూ క్లచ్ వైరులోంచి పోతోంది. ఇంజను ఊగి ఎలా ఆగిందన్న దాన్ని బట్టి మిగిలిన పోగులు ఒక్కోసారి కలుస్తాయి, ఒక్కోసారి కలవవు. లైట్లకి ఆ వైరుతో పని లేదు గనక అవి ధగధగలాడుతూనే ఉంటాయి. ఇంకో తిరకాసు, ఒక్క పోగు మిగిలినా ఊరికే మీటరు పెట్టి చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. బరువు పడ్డప్పుడే గుట్టు బయటపడుతుంది. అంటే బ్యాటరీ, సెల్ఫ్ రెండూ బేకసూర్. సుబూత్ లేకుండా సజా వేశాం. మరి మార్చాక పది రోజులు ఎలా నడిచిందంటారా? పని చేసేటప్పుడు ఇంజను కదిలింది, పోగులు కలిశాయి. దాన్నే మనం మరమ్మతు అనుకున్నాం.

వైరుకి రెండు వందలు, మూడు రోజుల మజ్దూరీ మూడు వందలు అడిగారు. ఇంటికొచ్చి చెబితే మా బంధువొకాయన ఏమన్నాడో తెలుసా? “ఒక వైరు ముక్క బిగించినందుకు మూడొందలా? లూటీ!” పదకొండు వేలప్పుడు ఈయనే ‘సామాను వచ్చింది కదా’ అన్నాడు.

నా ఫిర్యాదు ఇదే. ఇలాజ్‌కి పైసలిస్తాం, తష్ఖీస్‌కి ఇవ్వం. మర్జ్ ఏమిటో కనిపెట్టడం ఒక పనే కాదని మన హిసాబు. నబ్జ్ పట్టి చూసిన హకీంకి ఫీజు లేదు, మందు సీసాకి మాత్రం ధర ఉంది. అప్పుడు షాపు కిరాయా, కుర్రాళ్ల జీతాలు ఎక్కడి నుంచి రావాలి? సామాను అమ్మితేనే వస్తాయి. మూడు రోజులు వెతికి రెండొందల వైరు మార్చే ఈమాన్‌దారుడికి నష్టం, పొద్దున్నే బ్యాటరీ మార్చి పంపేవాడికి లాభం. ఆ బాజారు మనం పెట్టిందే.

అలాగని షాపుల వాళ్లని వదిలెయ్యను. తెలియనప్పుడు ‘తెలియలేదు సాబ్, బండి ఆగినప్పుడు తీసుకురండి’ అనొచ్చు, ఇజ్జత్ పోదు. తీసిన పాత సామాను చేతికివ్వొచ్చు. ఇప్పటి షాగిర్దులకి స్కానరు మీద నమ్మకం. అది కంప్యూటరున్న బండికి పనికొచ్చే చీజే, కాదనను. కానీ ఎర్త్ వైరు కుళ్లిందని మా కాలపు బండికి ఏ స్కానరూ చెప్పదు. మెట్ట ఊళ్లలో జొన్న బస్తాల పక్కన నిలిపిన బండిలో ఎలుక కొరికిన వైరునీ చూపించదు. మీటరు, టెస్ట్ బల్బు, సబర్, ఈ మూడే కావాలి. వాటికి కూలి కట్టకపోతే ఆ కుర్రాళ్లు మాత్రం ఎందుకు నేర్చుకుంటారు?

ఇప్పుడు నేను షాపులోకి వెళ్లగానే ‘వెతికి చూసినందుకు ఎంత?’ అని ముందే అడుగుతున్నాను. దొరకకపోయినా ఇస్తానని చెబుతున్నాను. కొందరు నన్ను బేవకూఫ్ అనుకుంటున్నారు, పర్వాలేదు.

మొన్నటి నుంచి కుడివైపు హెడ్‌లైట్ వెలుగుతూ ఆరుతోంది. బండి పెద్దాయన షెడ్డులో వదిలి, ఒక చీటీ రాసి అద్దం మీద పెట్టాను: ‘మూడుసార్లు ఆరింది. మూడుసార్లూ రాత్రే, గుంతలో పడ్డప్పుడే. వాన లేదు. డిమ్‌లో ఆరలేదు.’ ఆయన చదువుకుని నవ్వారు. ఏలూరు బస్సెక్కి ఇది రాస్తున్నాను.